రెండో కాన్పు వేలూరులో, ఆడపిల్ల. మాతృ వందన (తల్లులకి కేంద్రం ఇచ్చే కాన్పు సాయం) డబ్బు తిరుపతిలో వస్తుందా?

కొండమిట్ట:
మా చెల్లెలి అత్తగారిల్లు తిరుపతి కొర్లగుంట, అమ్మగారిల్లు చిత్తూరు దగ్గర గుడిపాల. మొదట బాబు, వాడికి నాలుగేళ్లు. రెండో కాన్పుకి గుడిపాల వచ్చి, వేలూరులో ప్రైవేటు ఆసుపత్రిలో పాపను కన్నది. పాపకి మూడో నెల. గర్భం నమోదు తిరుపతిలోనే అయింది, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల చెకప్‌లు, టీకాలు రాసే కార్డు) ఉంది, రైస్ కార్డు ఉంది. తను ఇంట్లోనే ఉంటుంది. భర్త శ్రీసిటీలో కంపెనీ ఉద్యోగి, జీతంలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉంది. బాబుకి ఏ దరఖాస్తూ పెట్టలేదు. బాబుకి ఐదు, పాపకి ఆరు కలిపి పదకొండు వేలొస్తాయని నెట్ సెంటరాయన అంటున్నాడు. నిజమేనా? ఎక్కడ పెట్టాలి?

అలిపిరి_517:
పదకొండు రావు. బాబు సంగతి వదిలేయండి, గడువు ఎప్పుడో దాటిపోయింది. మొదటి బిడ్డకి 5,000 రెండు విడతలు: గర్భం నమోదై, ఒక్కసారైనా చెకప్ అయితే 3,000, పుట్టాక జనన నమోదు, 14 వారాల టీకాలు పూర్తయితే 2,000. నెట్‌లో ఇప్పటికీ 1,000, 2,000, 2,000 అని మూడు విడతల లెక్క కనిపిస్తుంది. అది 2017 నాటి పాత పద్ధతి, 2022 ఏప్రిల్ నుంచి మారింది.

రెండో బిడ్డకి ఆడపిల్లయితేనే ఇస్తారు, 6,000 ఒకేసారి, ఇదీ 14 వారాల టీకాలు పూర్తయ్యాకే. మొదటి బిడ్డకి తీసుకోలేదన్నది దీనికి అడ్డు కాదు. రెండో కాన్పులో కవలలు పుట్టి ఒకరు ఆడపిల్లైనా వర్తిస్తుంది. పాప పుట్టిన 270 రోజుల్లోపు దరఖాస్తు పడాలి. తొమ్మిది నెలలుంది కదా అని కూర్చోకండి, ఆధార్‌లోనో బ్యాంకులోనో ఏదో ఒకటి సరిచేయించుకోవాల్సి వస్తే నెలలు ఇట్టే పోతాయి.

మన రాష్ట్రంలో ఈ పని ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల (ఆరోగ్య కేంద్రం నర్సుల) చేతిలో ఉంది. కొర్లగుంట ఆశా కార్యకర్త దగ్గరే పెట్టించండి, గర్భం నమోదు అక్కడే ఉంది కాబట్టి. గుడిపాల ఆశా కూడా మంచి మనసుతో ఇంకో దరఖాస్తు వేసేస్తే పోర్టల్‌లో అదే ఆధార్ రెండుసార్లు కనబడి చిక్కు. ఎవరో ఒకరే వేయాలి. సొంతంగా పోర్టల్‌లో పెట్టుకున్నా తనిఖీకి చివరికి ఆమె దగ్గరికే వస్తుంది.

కావాల్సినవి: తల్లి ఆధార్, ఎంసీపీ కార్డు, పాప జనన ధ్రువపత్రం, రైస్ కార్డు. తండ్రి ఆధార్ తప్పనిసరి కాదు. పాప ఆధార్ కోసం అసలు ఆగక్కర్లేదు.

పద్మావతిపురం:
టీకాల దగ్గర ఒక మాట. పాపకి మూడో నెల అంటున్నారు, 14 వారాలంటే 98 రోజులు. ఆ మూడో డోసు పడకముందే పెడితే ఆగిపోతుంది. ప్రైవేటులో పెంటావాలెంట్ (ఐదు రోగాల టీకా) బదులు ఆరు రోగాలకి కలిపి ఒకే సూది వేస్తుంటారు, అది చెల్లుతుంది. కాకపోతే వాళ్ల పుస్తకంలో బ్రాండు స్టిక్కర్లు అంటించి వదిలేస్తారు, ఎంసీపీ కార్డులో ఆ గళ్లు ఖాళీగానే ఉంటాయి. పుస్తకం తీసుకెళ్లి ఏఎన్‌ఎం చేత 6, 10, 14 వారాల తేదీలు కార్డులోకీ ఆన్‌లైన్‌లోకీ ఎక్కించుకోండి. పుట్టినప్పటి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి కూడా అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

కొండమిట్ట:
చాలా థ్యాంక్స్. వేలూరు సర్టిఫికెట్‌లో తల్లి పేరు ముందు ఒక్క అక్షరం ఇనీషియల్ పెట్టి ఇచ్చారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. దీన్ని చిత్తూరు కార్పొరేషన్‌లో మార్పించొచ్చా?

అలిపిరి_517:
మార్చరు. బిడ్డ ఎక్కడ పుడితే రిజిస్టరు అక్కడిదే. దిద్దుబాటు వేలూరులో జననం నమోదైన ఆఫీసులోనే. ఇంటిపేరు బదులు ఇనీషియల్ రాయడం తమిళనాడు అలవాటు, మనవాళ్లు అక్కడ కాన్పు చేయించుకుంటే ఇది మామూలే. ముందు ఆశా చేత అడిగించండి: దరఖాస్తులో సరిపోల్చేది తల్లి ఆధార్‌తో, ఇనీషియల్ తేడా ఒక్కటే అయితే ఆమోదించవచ్చు. తల్లి పేరే వేరేలా పడితే మాత్రం దిద్దించాల్సిందే. ఎలాగూ వెళ్తే పాప పేరు కూడా ఎక్కించుకు రండి, ఏడాదిలోపు దానికి రుసుము లేదు.

ఇంకోటి. తమిళనాడులో జనన ధ్రువపత్రానికి పిక్మీ నంబరు (అక్కడి గర్భిణుల నమోదు నంబరు) అడుగుతారు కాబట్టి ఆమెకి అక్కడ ఒకటి ఇచ్చుంటారు. దాన్ని మన దరఖాస్తులో రాయొద్దు, తిరుపతి ఎంసీపీ కార్డు మీదున్న ఆర్‌సీహెచ్ నంబరే (మన దగ్గరి గర్భం నమోదు నంబరు) రాయాలి.

గంగజాతర:
కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు రాకపోవడానికి ఎక్కువగా కారణం బ్యాంకే. ఈ సొమ్ము మీరిచ్చిన ఖాతా నంబరుకి పోదు, తల్లి ఆధార్‌కి ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఏ బ్యాంకు జతై ఉందో దానికి పోతుంది. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చాం కదా అంటారు. అది కేవైసీ, అంటే మీరెవరో గుర్తించడానికే. డీబీటీకి (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడటానికి) జత చేయడం వేరే, దానికి శాఖలో వేరే సమ్మతి ఫారం మీద సంతకం పెట్టాలి. ఒక ఆధార్‌కి ఒక్క బ్యాంకే జతవుతుంది, చివర జత చేసిందే నిలుస్తుంది. సిమ్ కొన్నప్పుడో రీచార్జి అంగట్లోనో వేలిముద్ర వేయించి తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఉంటే సొమ్ము అందులో పడి ఉంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు.

మై ఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఏ బ్యాంకు జతై ఉందో) చూడండి, ఆధార్‌కి మొబైల్ జతై ఉంటే ఓటీపీ వస్తుంది. అక్కడ బ్యాంకు పేరు, యాక్టివ్ అని ఉండాలి. ఇనాక్టివ్ అని ఉంటే దరఖాస్తుకి ముందే శాఖకి వెళ్లండి. పెళ్లికి ముందు చిత్తూరులో తెరిచి వాడకుండా వదిలేసిన ఖాతా జతై ఉంటే అది కూడా తలనొప్పే. ఖాతా తల్లి పేరు మీదే ఉండాలి, భర్తది పనికిరాదు. పోస్టాఫీసు ఖాతా అయినా పర్వాలేదు.

శ్రీకాళహస్తి_రోడ్డు:
భర్తకి ఈఎస్‌ఐ ఉంటే ఇది రాదు కదా?

అలిపిరి_517:
వస్తుంది. అడ్డుపడేది తల్లికే ప్రభుత్వ ఉద్యోగమో, చట్టం కింద ప్రసూతి లాభమో ఉంటే. శ్రీసిటీలో పనిచేసే ఆడవాళ్లు ఈఎస్‌ఐ కింద 26 వారాల జీతం తీసుకుంటారు కాబట్టి వాళ్లకి ఈ ఆరు వేలు ఉండవు. ఆ 26 వారాల ముందు ఆరు వేలెంత? ఇక్కడ తల్లి ఇంట్లోనే ఉంటుంది, బీమా భర్తది.

భర్త వైపు ఇంకోటి అడగొచ్చు. ఈఎస్‌ఐ వైద్య వసతి లేని చోట భార్యకి కాన్పు జరిగితే ఖర్చుకి 7,500 ఇస్తారు, రెండు కాన్పుల వరకు. వేలూరు దీనికి వస్తుందా అన్నది ఆయన బ్రాంచి ఆఫీసులో కనుక్కోవాలి. ఆసుపత్రి బిల్లులు మాత్రం పారేయొద్దు.

పద్మావతిపురం:
తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో కని ఉంటే జేఎస్‌వై (జననీ సురక్ష యోజన, ఆసుపత్రి కాన్పు సాయం) కింద పట్టణ లెక్కన 600 అడగగలిగేవారు. వేలూరు ప్రైవేటు అంటున్నారు కాబట్టి దాని వెంట తిరగొద్దు. దరఖాస్తు నంబరు మాత్రం ఆశా దగ్గర రాయించుకోండి. ఆగిపోతే హెల్ప్‌లైన్‌కి ఫోను చేసినా ముందు అడిగేది అదే.