రాత్రిపూట కంప్యూటర్ ఆన్‌లో ఉంచాలా, ఆపేయాలా? మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారు?

కృష్ణాతీరం (విజయవాడ):
అందరికీ నమస్కారం. అమ్మాయి బీటెక్‌లో చేరిందని డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించాం. అప్పటి నుంచి ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేస్తే పార్టులు త్వరగా పోతాయి, అలా వదిలేయమంటాడు మా తమ్ముడు. మా మామగారేమో పడుకునే ముందు గోడ మీద స్విచ్ కూడా కట్టేసి గానీ పడుకోరు. ఎవరి మాట వినాలి?

సిస్టమ్_శీను:
అక్కా, నాది రిపేర్ షాపు. మీ తమ్ముడి మాట పూర్తిగా అబద్ధం కాదు గానీ పాతది. తిరిగే హార్డ్ డిస్కులకు ఇన్నిసార్లు ఆగి మొదలవ్వచ్చు అని కంపెనీలే ఒక లెక్క ఇస్తాయి. అది వేలల్లో ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఆపినా ఆ లెక్క చేరేలోపు కంప్యూటరే పాతబడిపోతుంది. ఇప్పుడు అందరూ వేయిస్తున్న ఎస్‌ఎస్‌డీలో (చిప్పుల మీదే ఫైళ్లు దాచే కొత్తరకం డిస్కు) తిరిగే భాగమే లేదు.
నా టేబుల్ మీదకు వచ్చేవి ఆన్, ఆఫ్ వల్ల పోయినవి కావు. వోల్టేజ్ ఎగిరి కాలిన ఎస్‌ఎమ్‌పీఎస్‌లు (లోపలి పార్టులకు కరెంటు అందించే డబ్బా), దుమ్ము పట్టి ఫ్యాను ఆగిపోయినవి, ఇంకా బల్లులు. నవ్వకండి. వెనకాల ఖాళీ స్లాటుకు రేకు బిగించకుండా వదిలేస్తే రాత్రి వెచ్చగా ఉంటుందని బల్లి దూరుతుంది. బోర్డు మీద రెండు పాయింట్లకు అడ్డంగా పడిందా, దాని పని, బోర్డు పని ఒకేసారి అయిపోతాయి. 24 గంటలూ నడిచే సిస్టమ్ 24 గంటలూ దుమ్ము లాగుతుంది, అది కూడా చూసుకోండి.

ఓరుగల్లు_వాట్స్:
పార్టుల సంగతి శీనన్న చెప్పిండు, నేను బిల్లు సంగతి చెప్తా. సాకెట్‌కి, ప్లగ్‌కి మధ్యలో పెట్టే చిన్న వాట్ మీటర్ కొని చూసిన. నా డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటే, మానిటర్ ఆఫ్ చేసినా, 65 వాట్ల దగ్గర ఆగుతది. స్లీప్‌లో పెడితే 2, షట్‌డౌన్ చేస్తే 1 లోపే. లాప్‌టాప్ ఊరికే ఆన్‌లో ఉంటే 10 వాట్ల చుట్టుపక్కల.
65 వాట్లు రాత్రి 10 గంటలు అంటే 0.65 యూనిట్. నెలకు 20 యూనిట్లు వేసుకోండి. చూడటానికి చిన్నదే. కానీ మా ఇంట్ల గృహజ్యోతి (తెలంగాణ సర్కారు ఉచిత కరెంటు పథకం) ఉంది. 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాలె. ఎండాకాలం కూలర్‌తో 190కి వచ్చే ఇల్లు, ఈ 20 కలిస్తే 210. అప్పుడు మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, మిగతా 10 యూనిట్లకు 7.70 చొప్పున 77. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. ఎవరూ ముట్టుకోని కంప్యూటర్‌కి దాదాపు 1,100!

కృష్ణాతీరం:
మాది ఆంధ్రా కదండీ, గృహజ్యోతి మాకు లేదు. అయినా పైస్లాబులోకి పోతే మాకూ వాతే. మరి స్లీప్‌లో పెడితే సరిపోతుందా? అమ్మాయికి ప్రాజెక్ట్ ఫైళ్లు అన్నీ తెరిచి ఉంచుకోవడం అలవాటు. పొద్దున్నే మళ్లీ ఒక్కొక్కటీ తెరవడం చిరాకు అంటుంది.

గోదారి_గట్టు:
మీకు కరెంటు పోతుంటుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుందండీ. స్లీప్‌లో తెరిచిన పని అంతా ర్యామ్‌లోనే (కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీ) ఉంటుంది, దానికి కొద్దిగా కరెంటు అందుతూ ఉండాలి. రాత్రి ఒక్క క్షణం కరెంటు పోయి వచ్చినా సేవ్ చేయనిది పోవచ్చు. హైబర్నేట్ అయితే అదంతా డిస్కులోకి రాసేసి పూర్తిగా ఆగిపోతుంది. ప్లగ్ పీకేసినా పొద్దున వదిలిన చోటే తెరుచుకుంటుంది. మీ అమ్మాయికీ, మీ మామగారికీ ఇద్దరికీ కుదిరేది ఇదే.
చాలా సిస్టమ్‌లలో పవర్ మెనూలో హైబర్నేట్ కనిపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట టిక్ పెట్టాలి.
ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్లకు తెలియదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది.

క్యూబికల్_ఖైదీ (హైదరాబాద్):
ఆన్‌లో వదిలేస్తే ఇంకో టెన్షన్ కూడా ఉంది. విండోస్ అప్‌డేట్ దించుకుని, యాక్టివ్ అవర్స్ (మనం సిస్టమ్ వాడే వేళలుగా అది గుర్తుపెట్టుకున్న సమయం) దాటాక తనంతట తానే రీస్టార్ట్ కొట్టుకుంటుంది. తెరిచి ఉంచిన ఫైల్ సేవ్ చేయలేదా, అంతే సంగతులు.
ఇక షట్‌డౌన్ బ్యాచ్‌కి ఒక మాట. మీరు రోజూ ఆపేస్తున్నాం అనుకుంటున్నారు గానీ అది పూర్తిగా ఆగట్లేదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ నొక్కి అప్ టైమ్ చూడండి. పొద్దున్నే ఆన్ చేసిన సిస్టమ్ కూడా రోజుల తరబడి నడుస్తున్నట్టు చూపిస్తుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది. మన ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ విండోస్ కెర్నెల్‌నీ (విండోస్ అసలు గుండెకాయ), వైఫై, ప్రింటర్ లాంటివాటిని నడిపే డ్రైవర్లనీ డిస్కులో దాచి, మర్నాడు వాటినే లేపుతుంది. వైఫై సతాయించినా, ప్రింటర్ మొరాయించినా షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పోనిది అందుకే. రీస్టార్ట్ కొట్టండి, అది మాత్రం మొదటి నుంచి మొదలవుతుంది. లేదా షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి.

సిస్టమ్_శీను:
ఈ ఒక్క ముక్క జనానికి తెలిస్తే నా షాపుకి సగం మంది రారు. ఎందుకు చెప్పావు బ్రో 😀

డాలస్_పద్మ:
నాకు మాత్రం ఆన్‌లో ఉంచే అవసరం ఉంది. తెనాలిలో అమ్మావాళ్ల కంప్యూటర్‌లో ఏదైనా చేయాలంటే ఇక్కడి నుంచి రిమోట్‌లో చేస్తాను. మాకు పగలంటే వాళ్లకు రాత్రి. నాన్న పడుకునే ముందు స్విచ్ ఆపేస్తే నేనేం చేయలేను. అలాగని రోజంతా వద్దు అని, అవసరమైన రోజు ముందే ఫోన్ చేసి చెప్తాను. ఆ రాత్రికి ఆన్‌లో ఉంచుతారు.

విశాఖ_మాష్టారు:
గోడ స్విచ్ కట్టేసే పెద్దాయన పక్షాన నేను నిలబడతాను. మా వైపు వేసవి చివర ఉరుములు, పిడుగులు మొదలయ్యాయంటే షట్‌డౌన్ ఒక్కటీ చాలదు. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఎస్‌ఎమ్‌పీఎస్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది. పిడుగు దగ్గర్లో పడితే స్విచ్ కట్టేసినా నమ్మకం లేదు, ప్లగ్ పీకాలి. నెట్ తీగ కూడా. చాలామంది దాన్ని మరిచిపోతారు, ఆ దారిలో వచ్చి మదర్‌బోర్డు మీద ఆ తీగ గుచ్చే లాన్ పోర్ట్ పోతుంది. ఇది ఉరుములు మొదలయ్యాక కాదు, మబ్బు పట్టినప్పుడే చేయాలి.
ఒక్క ఇబ్బంది ఉంది. రోజూ స్విచ్ కట్టేస్తే మదర్‌బోర్డు మీది గడియారం ఆ బిళ్ల బ్యాటరీ (సీఆర్ 2032) మీదే నడవాలి. కొన్నేళ్లకు అది అయిపోతుంది. తేదీ ఎప్పటిదో పాత ఏడాదికి పోయి, ఏ సైట్ తెరిచినా సురక్షితం కాదని బ్రౌజర్ గోల చేస్తుంది. వైరస్ అనుకుని కంగారు పడకండి, బిళ్ల మార్చండి.

కృష్ణాతీరం:
అందరికీ థ్యాంక్స్ అండీ. రాత్రికి హైబర్నేట్, ఆదివారం ఒక రీస్టార్ట్ అని అమ్మాయిని ఒప్పించాను. మామగారు స్విచ్ కట్టేసుకోవచ్చు. ఇంకొక్క సందేహం. కంప్యూటర్ ఆపేసి ఉన్నా, ఒట్టి కాళ్లతో ఆ ఇనుప డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది అంటోంది అమ్మాయి. స్విచ్ కట్టేస్తే మాత్రం ఏం లేదు. భ్రమా?

సిస్టమ్_శీను:
భ్రమ కాదక్కా. మీ సాకెట్‌లో ఎర్తింగ్ లేదు, లేదా ఎర్త్ పిన్ అందని టూ పిన్ అడాప్టర్ పెట్టారు. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిగా లీకేజీ ఉంటుంది, అది ఎర్త్‌లోకి పోవాలి. దారి లేకపోతే డబ్బా మీదే ఉంటుంది. కంప్యూటర్ ఆపినా స్విచ్ ఆన్‌లో ఉంటే ఉన్నట్టే. టెస్టర్ పెడితే వెలుగుతుంది చూడండి.

కృష్ణాతీరం:
ఇప్పుడే పెట్టి చూశాను. వెలిగింది! రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తున్నాం.

విశాఖ_మాష్టారు:
పిలిచినప్పుడు ఆ ఒక్క సాకెట్‌తో సరిపెట్టకండి తల్లీ. గీజర్‌దీ, ఫ్రిజ్‌దీ, వాషింగ్ మెషీన్‌దీ కూడా చూపించండి. అప్పటిదాకా కంప్యూటర్ వాడినంతసేపూ కాళ్లకు చెప్పులు ఉండాలి, పని కాగానే స్విచ్ కట్టేయాలి.