‘ఉభయకుశలోపరి’లో ‘ఉపరి’ ఏమి చెబుతోంది?

సభ్యులందరికీ నమస్కారం. జగిత్యాలలో ఉంటున్న మా మేనత్త మొన్న ఆదివారం హైదరాబాదు మలక్‌పేటలోని మా ఇంటికి ఫోన్ చేసి, నేను ఎత్తగానే "అందరు మంచిగున్నరా బిడ్డా" అని అడిగి, నా జవాబు పూర్తిగా విన్న తరువాతే చిన్న కోడలికి విశేషమని, పొలం ఈ ఏడు కౌలుకిచ్చామని, తన మోకాలి నొప్పి కొంత నయమని చెప్పింది. పక్కనే కూర్చుని విన్న మా అమ్మాయి, అదే అత్త ఒకప్పుడు రాసిన ఇన్‌లాండ్ కవర్లన్నిటిలోనూ కనిపించే ‘ఉభయకుశలోపరి’కి అర్థం అడిగింది. "ఇద్దరూ కుశలమే" అని చెప్పాను కాని, ఆ అర్థం చాలదని తరువాత తోచింది.

కుశల, ఉపరి అనే మాటలు గుణసంధితో కలిసి ‘కుశలోపరి’ అయ్యాయి. ఉపరితలంలో ఉన్న ఉపరియే ఇది. పైన అని అర్థం. అయితే ఇక్కడ ఆ ‘పైన’ స్థలానికి కాక వరుసకు సంబంధించినది. కథ వింటూ "ఆ పైన ఏమైంది?" అని అడుగుతామే, ఆ పైన. కాబట్టి దీని అర్థం ‘ఇరువైపుల కుశలం అయిన తరువాత’ అని. ఇది ముగిసిన వాక్యం కాదు. తరువాత రావలసిన ‘విశేషమేమనగా’ కోసం ఎదురుచూస్తున్న మాట. కొందరు దీన్ని దీవెనగా భావించి ఉత్తరం చివర రాస్తున్నారు. అక్కడ ‘ఉపరి’కి పని లేదని నా అభిప్రాయం.

ఇందులో నన్ను ఎక్కువగా కదిలించేది ‘ఉభయ’. రాసే మనిషికి తన ఇంటి క్షేమం మాత్రమే తెలుసు, అవతలివారిది తెలియదు. అందుకే ఆ వెంటనే "మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను" అని రాసేవారు: మొదటి సగం సమాచారం, రెండవ సగం కోరిక. ఈ నగరంలో ఉర్దూలో ఉత్తరాలు రాసుకున్న పెద్దలు కూడా తమ ఖైరియత్ (క్షేమం) తెలిపి, ఎదుటివారి ఖైరియత్‌ను దేవుని నుండి కోరేవారు. చావు కబురు తెచ్చే కార్డులో మాత్రం ఈ మాటకు చోటు లేదు. దాన్ని చదివిన వెంటనే చింపేసేవారు.

కుశలం, క్షేమం ఒకటేనా అని ఒక సభ్యురాలు అడిగారు. వాడుకలో ఒకటే. మూలంలో వేరు: దర్భను వేలు తెగకుండా కోసే నేర్పు నుండి కుశల శబ్దం వచ్చిందని పండితులు చెబుతారు; క్షేమమైతే ‘యోగక్షేమం’ అనే జంటలోనిది, అందులో లేనిది దొరకడం యోగం, దొరికినది నిలవడం క్షేమం. గీతలోని ‘యోగక్షేమం వహామ్యహమ్’ను 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థ తన నినాదం చేసుకున్నది. మనుస్మృతి రెండవ అధ్యాయమైతే కుశలం బ్రాహ్మణుని, అనామయం (రోగం లేకపోవడం) క్షత్రియుని, క్షేమం వైశ్యుని, ఆరోగ్యం శూద్రుని అడగాలని విభజించింది. మన ఉత్తరాలు ఆ విభజనను లెక్కచేయకుండా కుశలాన్నీ క్షేమాన్నీ పక్కపక్కనే అందరికీ రాశాయి. అందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది.

అత్త ఫోనులో ఈ సంస్కృత పదం ఎన్నడూ పలకలేదు. కాని "మంచిగున్నరా" అని అడిగి, జవాబు విని, ఆ పైన సంగతులు చెప్పే వరుస మాత్రం ఆ కవర్లలోనిదే.

మీ ఇళ్లలో పాత ఉత్తరాలు ఉంటే, ‘ఉపరి’ తరువాత మొదట ఏ విషయం రాశారో చూసి తెలుపగలరు. మా అత్త ఉత్తరాలలో అది చాలావరకు వాన సంగతి.