మిస్టర్ పీనట్ డబ్బా, బొమ్మ, ఓ కట్ట పాత పత్రికలు: ఏది ఉంచాలి, ఏది పడేయాలి?

ప్రశ్న (గరాజ్ రాజు):
వర్జీనియాలో ఉంటున్నాం. పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, గరాజ్‌లో సామాను కావలసింది తీసుకెళ్ళమన్నాడు. నేనో అట్టపెట్టె తెచ్చుకున్నా. అందులో ప్లాంటర్స్ అనే పల్లీల కంపెనీ పాత రేకు డబ్బా ఒకటి, వాళ్ళ గుర్తు బొమ్మ మిస్టర్ పీనట్ ప్లాస్టిక్‌ది, టోపీలో చిల్లర వేసుకునేది ఒకటి ఉన్నాయి. అడుగున 'పీనట్ పేపర్స్' అని ఓ కట్ట పత్రికలు. వాటి నిండా 'పీనట్ పాల్స్' అనే క్లబ్బు కబుర్లే. పల్లీల కంపెనీ బొమ్మకి క్లబ్బేంటండీ? మా ఆవిడ కాగితాలు రీసైక్లింగ్‌లో వేసేయమంటోంది.

జవాబు (సగం ధర):
ఆవిడ చెప్పిందే కరెక్ట్. డబ్బా, బొమ్మ ఆన్‌లైన్‌లో అమ్ముకోండి. కాగితాలు ఎవరు కొంటారు?

జవాబు (చెనిక్కాయలత్త):
ఆగండి బాబూ, కాగితాలు మాత్రం పడేయకండి! ఆ పెట్టెలో అసలు సరుకు అదే. డబ్బాలు ఇంకా చాలా దొరుకుతాయి.

నేనూ ఆ పీనట్ పెద్దమనిషి పిచ్చిదాన్నే. మా వారు దీన్ని 'నీ చెనిక్కాయల సంసారం' అంటారు. ఆ క్లబ్బు 1978లో మొదలైంది. కంపెనీ పెట్టించింది కాదు, పోగేసేవాళ్ళే కలిసి పెట్టుకున్నారు. ఏటా ఒకచోట కలుస్తారు, అమ్ముకుంటారు, మార్చుకుంటారు. మీ చేతిలో ఉన్నది వాళ్ళ పత్రికే.

క్లబ్బు పెట్టుకునేంత సరుకు ఎక్కడిదంటే, మొదటి నుంచీ కంపెనీయే జనానికి పోగేసే జబ్బు అంటించింది. అమెడియో ఒబీసీ అనే ఆయన ఇటలీ నుంచి పిల్లాడిగా వచ్చి, పళ్ళు, పల్లీలు అమ్ముకుని, 1906లో మారియో పెరుజ్జీతో కలిసి పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బ్యారీలో ఈ ప్లాంటర్స్ కంపెనీ పెట్టాడు. పల్లీల పొట్లంలో తన పేరులోని ఒక్కో అక్షరం వేసేవాడు. అక్షరాలన్నీ కూర్చినవాళ్ళకి వాచీ! ఒక అక్షరం మాత్రం అంత సులువుగా దొరకనిచ్చేవాడు కాదు. తెలివైనవాడు. తర్వాత రంగులు వేసుకునే పుస్తకాలు, ఉప్పు, మిరియాల బుడ్లు, కీళ్ళు కదిలే చెక్క బొమ్మలు, లైటర్లు... ఆ పెద్దమనిషి బొమ్మ వేయని వస్తువు లేదు.

బొమ్మ పుట్టింది మీ వర్జీనియాలోనే. సఫోక్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. 1916లో కంపెనీ గుర్తు బొమ్మ కోసం పోటీ పెడితే, ఆంటోనియో జెంటిలీ అనే బడిపిల్లాడు కాళ్ళూ చేతులూ ఉన్న పల్లీకాయని గీసి 5 డాలర్ల బహుమతి కొట్టాడు. పొడుగు టోపీ, ఒంటికంటి అద్దం తర్వాత వేరే ఆర్టిస్టు తగిలించాడు. పిల్లాడు పెద్దయ్యాక డాక్టరయ్యాడు. అతను గీసిన బొమ్మలు ఇప్పుడు వాషింగ్టన్‌లో, స్మిత్సోనియన్ వాళ్ళ అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి.

ఇక కాగితాల సంగతి. కంపెనీ 1960ల మొదట్లో స్టాండర్డ్ బ్రాండ్స్ అనే ఇంకో ఆహార కంపెనీ చేతికి పోయింది. తర్వాత నబిస్కో, 2000లో క్రాఫ్ట్, 2021లో హార్మెల్. ఇన్ని చేతులు మారాక, ఏ బుడ్డి ఏ ఏడు ఏ రంగులో చేశారో ఆఫీసులో ఎవరికి గుర్తుంటుంది? 2020 జనవరిలో అయితే యాడ్‌లో ఆ పెద్దమనిషిని చంపేసి, ఫిబ్రవరి 2న సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) నాడు బుజ్జి పల్లీగా మళ్ళీ పుట్టించారు. నూరేళ్ళు దాటిన మనిషిని పట్టుకుని అదేం సరదానో, నాకు మాత్రం నచ్చలేదు. వస్తువుల లెక్కలు చూసుకునేది పోగేసేవాళ్ళే. ఒకరు ఫొటో వేస్తారు, ఇంకొకరు 'మా ఇంట్లో దానికి మూత వేరేలా ఉంది' అని రాస్తారు. ఆ కట్టలో అదే ఉంటుంది.

ఆ లెక్కలు చూడకుండా నేనొకసారి మునిగాను. కొట్లో పల్లీలు పోసి పెట్టే సీసా, మూత మీద గాజు పల్లీకాయ, చక్కటి నీలం రంగు. ఫొటో చూడగానే మనసు పారేసుకుని కొనేశా. ఇంటికొచ్చాక మూత కింద వేలు పెట్టి తిప్పితే అంచు నున్నగా, ఒక్క పెచ్చు లేదు, లోపల గీత లేదు. రోజుకి పదిసార్లు మూత తీసి పెట్టిన కొట్టు సీసా అలా ఉంటుందా? పాత సీసాలు రంగు లేని గాజువి. రంగుల సీసా అంటే కొత్తగా చేసిన నకలేమోనని ముందు అనుమానించాలట. క్లబ్బులో ఒక పెద్దావిడ చూడగానే 'పూలు పెట్టుకో తల్లీ, బాగుంటుంది' అంది. పూలే పెట్టుకుంటున్నా.

మీ డబ్బా తిప్పి అచ్చు చదవండి. ప్లాంటర్స్ నట్ అండ్ చాక్లెట్ కంపెనీ అనే పూర్తి పేరుంటే, చాలామటుకు చేతులు మారక ముందుది. అడ్రసులో ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే 1963 కంటే పాతది కాదు. బార్ కోడ్ ఉంటే 1973 కంటే పాతది కాదు. తడిగుడ్డ పెట్టకండి, డిష్‌వాషర్ మాట అసలే వద్దు. రేకు మీద అచ్చు ఒకసారి లేచిందంటే మళ్ళీ రాదు.

గరాజ్ రాజు:
థాంక్స్ ఆంటీ. నట్ అండ్ చాక్లెట్ అని ఉంది, జిప్ కోడ్ లేదు, బార్ కోడూ లేదు! కట్ట విప్పితే పత్రికల మార్జిన్లలో పెద్దాయన పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకున్నాడు, కొన్నిచోట్ల 'లేదు' అని. మా ఆవిడే ఇప్పుడు వరసగా సర్దుతోంది. ఒకటే టెన్షన్. మావాడు బొమ్మ టోపీలో క్వార్టర్ (పాతిక సెంట్ల నాణెం) వేసేశాడు, రావట్లేదు.

చెనిక్కాయలత్త:
టోపీ పట్టుకుని లాగకండి, విరుగుతుంది. బోర్లించి, చీలికలోకి పాత పోస్ట్‌కార్డు ముక్క దూర్చి మెల్లిగా ఊపండి, దాని మీదుగా జారి వస్తుంది. కత్తి పెట్టకండి, గీతలు పడతాయి. ఆ 'లేదు' అన్నవాటి లిస్టు రాసి పంపండి, రెండోవి నా దగ్గర ఏమైనా ఉన్నాయేమో చూస్తా.