పాత 'అడ్వెంచర్' ఆట ఫోర్ట్రాన్ కోడ్‌ని లైనక్స్‌కి మార్చడంలో సాయం కావాలి

అందరికీ నమస్కారం. విల్ క్రౌథర్ మొదలుపెట్టి, 1977లో డాన్ వుడ్స్ పెంచిన 'అడ్వెంచర్' ఆట మీలో కొందరికి తెలిసే ఉంటుంది. బొమ్మ ఒక్కటీ లేకుండా, వట్టి మాటలతోనే కెంటకీ మామత్ గుహల్లో తిప్పుతుంది. నాకు ప్రాణం. దాని పాత కోడ్‌ని జీఫోర్ట్రాన్‌తో (ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఉన్న ఉచిత కంపైలర్) నడపాలని నెల రోజులుగా కూర్చున్నాను.

చిక్కంతా ఆడేవాళ్లు టైప్ చేసే మాటల దగ్గరే. కోడ్ వాటిని ఇంటీజర్లలో, అంటే పూర్ణసంఖ్యల గడుల్లో దాస్తుంది. ఆట మొదట నడిచిన పాత కంప్యూటర్ పీడీపీ-10లో ఒక వర్డ్ (ఒక గడి) 36 బిట్లు. 7 బిట్ల అక్షరాలు ఐదు పట్టి, ఒక బిట్ మిగులుతుంది. అందుకే ఆట ఏ మాటలోనైనా మొదటి ఐదు అక్షరాలే చూస్తుంది. నా లైనక్స్‌లో ఇంటీజర్‌కి 32 బిట్లే, అంటే 8 బిట్ల అక్షరాలు నాలుగే. 'ఎంటర్' అని ఇంగ్లిష్‌లో కొడితే ఏ5 ఫార్మాట్ (ఐదు అక్షరాలు చదవమనే సూచన) మొదటి 'ఇ'ని మింగేస్తోంది. కోడ్‌లో రాసి ఉన్న అదే మాటకేమో చివరి 'ఆర్' పోతోంది. ఇక రెండూ ఎలా కలుస్తాయి?

ఇంటీజర్లన్నీ 64 బిట్లు చేశాక పోలికలు కుదిరాయి. కానీ బిట్లు జరిపి అక్షరాలు విడదీసే సబ్‌రొటీన్ (కోడ్‌లోని ఒక చిన్న భాగం) చెత్త చూపిస్తోంది, అది 7 బిట్ల లెక్కలోనే ఉంది మరి. దాన్నొక్కదాన్నీ 8 బిట్లకు తిరగరాస్తే చాలా, లేక మాటలన్నీ క్యారెక్టర్ రకానికి (అక్షరాల కోసమే ఉన్న డేటా రకం) మార్చాలా? అసలు కోడ్ రూపం వీలైనంత చెడకూడదని నా కోరిక. ఇలాంటి పోర్టింగ్ చేసినవాళ్లు దయచేసి చెప్పండి.