ఫోన్‌పేలో ఫాస్టాగ్ నిల్వ చూడడం ఎలా? ట్యాగు ఏ బ్యాంకుదో తెలియడం లేదు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి కొత్త కారుకు టోలు రుసుము చెల్లించే ఫాస్టాగ్‌ను షోరూంవారే అతికించి ఇచ్చారు. వచ్చే వారం ఆయనను హైదరాబాదు నుంచి విజయవాడకు తీసుకువెళ్ళవలసి ఉన్నందున, అందులో డబ్బు ఎంత ఉందో ముందే చూసుకుందామని ఫోన్‌పే తెరిచాను. బ్యాలెన్స్ అని ఉన్నచోట నొక్కితే యూపీఐ పిన్ అడిగి, నా పొదుపు ఖాతాలోని మొత్తాన్ని చూపించింది. ఫాస్టాగ్ విభాగంలోకి వెళితే బ్యాంకును ఎంచుకోమంటోంది. ఆ ట్యాగు ఏ బ్యాంకుదో మా ఇద్దరికీ తెలియదు. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

సమాధానం:

నమస్కారమండి. ఫాస్టాగ్ డబ్బు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఉండదు. ట్యాగును జారీ చేసిన బ్యాంకు మీ వాహనం పేరున తెరిచిన ప్రత్యేక ఖాతాలో అది ఉంటుంది. చెల్లింపుల యాప్ భారత్ బిల్ పే వ్యవస్థ ద్వారా ఆ బ్యాంకును అడిగి, వచ్చిన వివరాన్ని తెరపై చూపిస్తుంది. అందువల్ల బ్యాంకును సరిగా ఎంచుకుంటేనే వివరం వస్తుంది. మీరు మొదట చూసినది మీ పొదుపు ఖాతా నిల్వ, దానికీ టోలుకూ సంబంధం లేదు. (కొన్ని బ్యాంకులు ట్యాగును నేరుగా పొదుపు ఖాతాకే జతచేస్తాయి, అటువంటి ట్యాగుకు వేరే నిల్వ ఉండదు.)

ముందుగా కారు ముందు అద్దంపై ఉన్న ట్యాగును చూడండి, దానిమీద బ్యాంకు గుర్తు ముద్రించి ఉంటుంది. అది వెలిసిపోయి ఉంటే, ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ సంస్థ వెబ్‌సైటులో ఫాస్టాగ్ స్థితిని చూపే పుటలో వాహనం నంబరు ఇచ్చి, జారీ చేసిన బ్యాంకు ఏదో, ట్యాగు పనిచేస్తోందో లేదో తెలుసుకోవచ్చు. తరువాత ఫోన్‌పేలో ఫాస్టాగ్ రీఛార్జి విభాగం తెరిచి, బ్యాంకును ఎంచుకుని, వాహనం నంబరును ఖాళీలు లేకుండా నమోదు చేయండి. చాలా బ్యాంకుల విషయంలో యజమాని పేరు, ప్రస్తుత నిల్వ, ఎంతవరకు రీఛార్జి చేయవచ్చో అక్కడే కనిపిస్తాయి. నిల్వ చూడడం మాత్రమే మీ పని అయితే అక్కడితో వెనక్కి వచ్చేయవచ్చు. ఫాస్టాగ్ నిల్వ చూడడానికి యూపీఐ పిన్ అవసరం లేదు కనుక, ఫోన్ చేసి నిల్వ చెబుతామంటూ పిన్ గానీ ఓటీపీ గానీ అడిగేవారిని ఎంతమాత్రం నమ్మవద్దు.

డబ్బు వేయదలిస్తే తెరపై వచ్చిన పేరును తప్పక సరిచూసుకోండి. ఒక్క అంకె తేడాతో మరొకరి వాహనానికి వెళ్ళిన మొత్తాన్ని వెనక్కి రప్పించుకోవడం చాలా కష్టం.

అడిగినవారు:

ధన్యవాదాలండి. అద్దంపై బ్యాంకు గుర్తు కనిపించింది. అయితే ఆ బ్యాంకును ఎంచుకుని వాహనం నంబరు ఇస్తే వివరాలు లభించలేదని వస్తోంది. ట్యాగు పాడైందనుకోవాలా?

సమాధానం:

పాడై ఉండకపోవచ్చు. కొత్త కారుకు షోరూంలో ట్యాగు ఇచ్చేనాటికి రిజిస్ట్రేషన్ నంబరు రాదు కాబట్టి, దానిని ఛాసిస్ నంబరుపై (తయారీలోనే కారు చట్రంపై వేసే నంబరు) జారీ చేస్తారు. కారు కొన్న 90 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ నంబరును మనమే బ్యాంకుకు తెలియజేసి నమోదు చేయించుకోవాలి. ఈ సంగతిని షోరూంలో చాలాసార్లు చెప్పరు, కొన్నవారికి అడగాలని తోచదు. ఛాసిస్ నంబరు ఆర్‌సీలో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, ఉంటుంది. ముందు దానితో ప్రయత్నించి చూడండి. నిల్వ కనిపించినా అక్కడితో ఆగకుండా, బ్యాంకు ఫాస్టాగ్ పోర్టల్‌లో గానీ వినియోగదారుల సేవా కేంద్రం ద్వారా గానీ ఆర్‌సీ ప్రతిని పంపి నంబరును మార్పించండి. గడువు దాటినవాటిని బ్లాక్‌లిస్టులో, అంటే చెల్లని ట్యాగుల జాబితాలో, పెట్టే అవకాశం ఉంది.

నిల్వకంటే ట్యాగు స్థితి ముఖ్యమని నా అభిప్రాయం. ఖాతాలో వేల రూపాయలు ఉన్నా కేవైసీ (యజమాని గుర్తింపు వివరాల నమోదు) పూర్తికాని కారణంగా ట్యాగు నిలిచిపోతే గేటు తెరుచుకోదు. చెల్లే ట్యాగు లేకుండా జాతీయ రహదారి టోల్ ప్లాజాలోకి వెళితే మామూలుకంటే ఎక్కువ రుసుము కట్టాలి. 2025 నవంబరు 15న అమలైన నియమం ప్రకారం నగదుకు మామూలు రుసుముకు రెట్టింపు, యూపీఐ ద్వారా కట్టేవారికి 1.25 రెట్లు. మీ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర ప్లాజాలు వరుసగా వస్తాయి కనుక ప్రతిచోటా ఆ భారం పడుతుంది.

మరో సభ్యుడు:

చివరి నిమిషపు రీఛార్జి గురించి ఒక మాట చేర్చనివ్వండి. 2025 ఫిబ్రవరి 17 నుంచి అమలైన ఎన్‌పీసీఐ నియమం ప్రకారం, ప్లాజాలోని రీడరు యంత్రం ట్యాగును చదవడానికి ముందు 60 నిమిషాలకు మించి బ్లాక్‌లిస్టులో ఉండి, చదివిన తరువాత 10 నిమిషాల వరకూ అదే స్థితిలో ఉన్న ట్యాగుపై లావాదేవీని తిరస్కరిస్తారు. జాతీయ రహదారులపై ట్యాగు స్థితి ఎప్పటికప్పుడు తెలిసే ఏర్పాటు ఉన్నందున దాటేముందు ఎప్పుడైనా రీఛార్జి చేసుకోవచ్చని జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) వివరించింది. కొన్ని రాష్ట్ర రహదారుల ప్లాజాల్లో పాత విధానం ఉంది కాబట్టి, ఇంటివద్దే ఈ పని ముగించుకోవడం మేలు.

అడిగినవారు:

ఛాసిస్ నంబరుతో నిల్వ కనిపించింది. నంబరు మార్పు కోసం ఆర్‌సీ ప్రతిని బ్యాంకుకు పంపాను. నాన్నగారు వార్షిక పాస్ తీసుకుంటే ఈ నిల్వతో ఇక పని ఉండదా?

సమాధానం:

ఉంటుందండి. ఛాసిస్ నంబరు మాత్రమే ఉన్న ట్యాగుకు పాస్ ఇవ్వరు కాబట్టి ముందు మీ నంబరు మార్పు పూర్తి కావాలి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన ఆ పాస్ సొంత వాడకపు కారు, జీపు, వ్యానులకు, ఏడాది లేదా 200 ప్రయాణాలు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. దానిని రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో గానీ ఎన్‌హెచ్‌ఏఐ వెబ్‌సైటులో గానీ తీసుకోవాలి. పాస్ కోసం కట్టిన సొమ్ము ట్యాగు నిల్వలో కలవదు కనుక ఫోన్‌పే తెరపై కనిపించదు. మిగిలిన ప్రయాణాల లెక్కను రాజ్‌మార్గ్‌యాత్రలోనే చూడాలి. ఈ పాస్ జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్ దారులకు మాత్రమే పరిమితం. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుపైన, రాష్ట్ర రహదారులపైన రుసుము మామూలు నిల్వ నుంచే తెగుతుంది. మీరు ఔటర్ మీదుగా వెళ్ళి విజయవాడ దారిలో కలిసేటట్లయితే, పాస్ తీసుకున్నా ఆ మేరకు ట్యాగులో డబ్బు ఉంచుకోండి.