ఏసీ రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆగాలా, కొనేయాలా?

లాసన్స్‌బే_లత:
మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. ఎండలు ముదిరేలోపు పడగ్గదికి 1.5 టన్నుల ఏసీ కొనాలి. ఆన్‌లైన్‌లో ఒక మోడల్ నచ్చి కార్ట్‌లో పెట్టాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. టిఫిన్ వేళకి 38,490 ఉంటుంది, బాబుని ట్యూషన్ నుంచి తీసుకొచ్చేసరికి 41,200. మర్నాడు మళ్లీ 39 వేల చిల్లర. మా వారి ఫోన్లో అదే మోడల్ 37 వేలకే కనబడుతోంది! నేను రోజూ చూస్తున్నానని కనిపెట్టి నాకే పెంచుతున్నారా? "రైతుబజారులో బోర్డు మీద రాసిన రేటు ఆ పూటంతా అదే ఉంటుంది, ఇదేం వ్యాపారమే" అంటున్నారు మా అత్తగారు. డాబాగార్డెన్స్ షాపుల్లో కొనడం మేలా?

గాజువాక_కిరణ్:
కీపా, బైహట్కే లాంటివి వాడండి అక్కా. పాత ధరల గ్రాఫ్ చూపిస్తాయి. మీకు కావలసిన రేటుకి అలర్ట్ పెట్టేసి ఆ పేజీ చూడ్డం మానేయండి. లేదంటే దసరా సేల్ దాకా ఆగండి.

డాబాగార్డెన్స్_సేల్స్:
దసరా దాకా ఆగమంటే ఎలా తమ్ముడూ, మే నెల ఉక్కపోత ఎవరు పడతారు?

మేడమ్, నేను ఏసీలు అమ్మే షాపులో పని చేస్తాను. ఆన్‌లైన్ వాళ్లు మాకు పోటీ కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి. ఆ పేజీ ఒకటే అయినా అమ్మేవాళ్లు చాలామంది ఉంటారు. తక్కువకి ఇచ్చేవాడి సరుకు అయిపోతే తర్వాతివాడి రేటు పైకొస్తుంది. పోటీవాడు తగ్గిస్తే తగ్గించడం, పెంచితే పెంచడం అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. మీ వారి ఫోన్లో డెలివరీ అడ్రస్ ఏముందో చూడండి. పిన్‌కోడ్ మారితే గోడౌన్ మారుతుంది, అమ్మేవాడూ మారొచ్చు. ఆయన కార్డు ఆఫర్ కలిపి చూపిస్తోందేమో కూడా చూడండి.

గ్రాఫ్ మంచిదే కానీ ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబర్ 22న ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకుముందు 40,000 ఉన్న ఏసీ, కంపెనీ పైసా తగ్గించకపోయినా 36,875 అవ్వాలి. పాత ధరతో పోల్చి "ఇంత తగ్గింది" అంటే అందులో పన్ను వాటా ఎంతో తీసేసి చూడండి. ఇక ఎమ్మార్పీ కొట్టేసి పక్కన రాసే 45 శాతం సంగతి, నేనైతే ఆ అంకె చదవను కూడా.

మీరు పోల్చాల్సింది గదిలోకి చల్లగాలి వచ్చేనాటికి అయ్యే మొత్తం. ఫిట్టింగ్, బయటి యూనిట్‌కి స్టాండు, అదనపు రాగి పైపు, అవసరమైతే స్టెబిలైజర్. ఆన్‌లైన్‌లో మిగిలిన రెండు వేలు ఒక్కోసారి ఫిట్టింగ్ కుర్రాడి బిల్లులోనే పోతాయి. మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా సరిచూడండి, షాపు మోడలూ ఆన్‌లైన్ మోడలూ అన్నిసార్లూ ఒకటి కావు. స్టార్ లేబుల్ మీద అది చెల్లే కాలం ఉంటుంది. ప్రమాణాలు ఎప్పటికప్పుడు పెంచుతారు కాబట్టి పాత లేబుల్ 5 స్టారూ కొత్త లేబుల్ 5 స్టారూ సమానం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, మీది సముద్రం పక్క. ఉప్పుగాలి బయటి యూనిట్‌ని తినేస్తుంది. కాయిల్ రాగిదా, దాని రెక్కల మీద రక్షణ పూత ఉందా అడగండి. వెయ్యి రూపాయలు తగ్గిందని ఆ పూత లేనిది కొంటే మళ్లీ మా షాపుకే వస్తారు.

సీతమ్మధార_పద్మ:
కార్డు ఈఎంఐ తీసుకుంటే ఇది చూసుకోండి. "నో కాస్ట్" అన్నా వడ్డీ ఉంటుంది, అంత మేరకు డిస్కౌంట్ ఇస్తారు, అంతే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి, చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా వేస్తాయి. "రెండే మిగిలాయి, త్వరపడండి" అంటే కంగారు పడకండి. అబద్ధపు తొందర పెట్టడం, చివరి పేజీలో చార్జీలు బయటపెట్టడం, ఈ రెండూ 2023 నవంబర్‌లో కేంద్రం నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌ల (అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని మాయచేసే పద్ధతుల) జాబితాలో ఉన్నాయి. అలా జరిగితే స్క్రీన్‌షాట్ తీసుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

లాసన్స్‌బే_లత:
చూశానండీ. మా వారి ఫోన్లో హైదరాబాద్‌లో మా ఆడపడుచు వాళ్ల అడ్రస్ ఉంది! మన పిన్‌కోడ్ పెడితే ఇద్దరి ఫోన్లలోనూ ఒకే రేటు. పైగా నేను చూసిన మోడల్‌కి పూత గురించి ఎక్కడా రాయలేదు. పూత ఉన్నది 1,800 ఎక్కువ. మా బాల్కనీ సముద్రం వైపే, యూనిట్ పెట్టడానికి వేరే చోటు లేదు. అన్నీ కలిపి 43 వేలు దాటకూడదని అనుకున్నాం. ఆ లోపు ఎవరిస్తే వాళ్ల దగ్గరే. శనివారం మీ వైపు వస్తాను.

డాబాగార్డెన్స్_సేల్స్:
మధ్యాహ్నం రండి మేడమ్, సాయంత్రం ఆరు దాటితే నాకు తీరిక ఉండదు. పైపు ఎన్ని మీటర్లు, మీటరు ఎంత, స్టాండు ఎంత, విడివిడిగా రాయించుకోండి. నా దగ్గరైనా సరే.