అప్‌డేట్: మా చర్చిలో ఓపెన్‌ఎల్‌పీ పెట్టాం

బొబ్బిలి దగ్గర మా ఊరి చర్చిలో పాటలు తెరమీద చూపడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని అడిగాను కదా. మీరు చెప్పిన ఓపెన్‌ఎల్‌పీయే పెట్టాం. పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మీద చక్కగా నడుస్తోంది.

అసలు పని పాటల దగ్గరే పడింది. అన్నీ ప్రింటింగ్ కోసం వాడే పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టినవి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, అతికిస్తే పిచ్చి గుర్తులొచ్చాయి. కన్వర్టర్‌తో మార్చి, తప్పిన ఒత్తులన్నీ యూత్ పిల్లలు కూర్చుని దిద్దారు. ఎంత ఓపికో వాళ్లకి! ఫాంట్ నోటో శాన్స్ తెలుగు, అదీ ఉచితమే. వెనక కూర్చునే మామ్మలకి కూడా కనిపిస్తోంది.

ఫోన్ బ్రౌజర్‌లోంచే పాట మార్చొచ్చు. ఫోనూ ల్యాప్‌టాపూ ఒకే వైఫైలో ఉంటే చాలు, నెట్ అక్కర్లేదు.

పక్క ఊరి పాస్టర్‌గారు అడిగితే సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాం. దానిది జీపీఎల్ లైసెన్స్, అంటే ఎవరికైనా కాపీ చేసి ఇవ్వొచ్చు, కాబట్టి దొంగ కాపీ అన్న బెంగ లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.